రచ్చ గెలిచి ఇంటికొచ్చిన సేనాని

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ముందు రచ్చ గెలిచి, జుట్టు నెరిసే వయసులో ఇంటికి తిరిగొచ్చి, అక్కడ మళ్ళీ మొదటి నుంచీ గెలవవలసి వచ్చిన ఒక మనిషి కథ ఇది. ఆయన తెలుగువాడు కాదు, భారతీయుడూ కాదు. అయినా పొట్టకూటి కోసమో, పేరు కోసమో ఊరు విడిచి వచ్చిన మనబోటి వాళ్ళు తెలుసుకోదగ్గ కథ అనిపించి, ఈ మహాసభల సావనీరు కోసం రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు పని మీద ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒక చలికాలమంతా గడిపాను. డిసెంబరులో అక్కడ పొద్దున తొమ్మిది దాటితే గాని సూర్యుడు రాడు, మధ్యాహ్నం మూడు దాటగానే వెళ్ళిపోతాడు. ఆఫీసుకి చీకట్లో వెళ్ళి చీకట్లోనే తిరిగొచ్చేవాణ్ణి. దారిలో, నగరం నడిబొడ్డున, గుర్రం మీద కూర్చున్న ఒక సైనికుడి పెద్ద కంచు విగ్రహం కనిపించేది. టోపీ మీద, భుజాల మీద, గుర్రం వీపు మీద మంచు పేరుకుని ఉండేది. పక్కనున్న రోడ్డు పేరు మానర్‌హైమ్ వీధి. విగ్రహమూ ఆయనదే.

మా టీములో ఇద్దరు ఫిన్లాండ్ వాళ్ళుండేవారు. ఒకాయన ఇంట్లో మానర్‌హైమ్ ఫోటో గోడకి ఉంటుందట, దేశాన్ని నిలబెట్టిన మహానుభావుడని. రెండో ఆయన ముత్తాత 1918లో మానర్‌హైమ్ పక్షం వాళ్ళ ఖైదీల శిబిరంలో ఆకలితో పోయాడట. వాళ్ళ నాయనమ్మ ఆ విగ్రహం ముందు నుంచి వెళ్ళవలసి వస్తే తల పక్కకి తిప్పుకునేదట. ఒకే టీము, పక్కపక్క కుర్చీలు, ఒకే మనిషి గురించి రెండు జ్ఞాపకాలు! అప్పట్నుంచి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

కరువులో పుట్టిన బిడ్డ

ముందు ఆ దేశం గురించి రెండు మాటలు. విస్తీర్ణం 3,38,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. జనాభా మాత్రం సుమారు 56 లక్షలు, ఒక్క హైదరాబాదులో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మిగతాదంతా అడవులు, లక్షా ఎనభై వేలకు పైగా చెరువులు, సరస్సులు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని, అదే అక్షాంశం మీదున్న అలాస్కా లోతట్టు ప్రాంతాలంత చలి ఉండదు. అయినా పంట కాలం చాలా చిన్నది. వసంతం పది రోజులు ఆలస్యమైనా, వేసవి చివర ఒక్క రాత్రి గడ్డమంచు పడినా, ఆ ఏడాది గింజ చేతికి రాదు.

1867లో రెండూ జరిగాయి. మే నెలలో హెల్సింకీ సగటు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు కూడా దాటలేదు. జూన్ వచ్చినా కొన్ని సరస్సుల్లో మంచుగడ్డ కరగలేదు. సెప్టెంబరు మొదటి వారంలో ఒక్క రాత్రి పడ్డ మంచుకి చేలో పంట మాడిపోయింది. జనం పైన్ చెట్టు లోపలి బెరడు పొడి చేసి పిండిలో కలిపి రొట్టె చేసుకున్నారు. ఆకలి, ఆ వెనక టైఫస్ జ్వరాలు కలిసి దేశ జనాభాలో పన్నెండు మందికొకరిని పొట్టన పెట్టుకున్నాయి. మన పెద్దవాళ్ళు డొక్కల కరువని చెప్పుకున్నది ఎలాంటిదో, వాళ్ళకిది అలాంటిది. ఐరోపాలో శాంతికాలంలో వచ్చిన పెద్ద కరువుల్లో ఇది చివరిదంటారు.

ఆ ఏడాదే, జూన్ 4న, నైరుతి ఫిన్లాండ్‌లోని లోహిసారి అనే దివాణంలో కార్ల్ గుస్తాఫ్ ఎమిల్ మానర్‌హైమ్ పుట్టాడు. దివాణంలో పుట్టాడు కాబట్టి కరువు ఆయన్ని తాకలేదు. ఇంట్లో మాట్లాడేది స్వీడిష్. ఫిన్లాండ్ సుమారు ఆరు శతాబ్దాలు స్వీడన్ ఏలుబడిలో ఉండి, 1809లో రష్యా చక్రవర్తి చేతికి వచ్చింది. పై తరగతి వాళ్ళ భాష స్వీడిష్ గానే ఉండిపోయింది. పల్లెల్లో, పొలాల్లో మాట్లాడే ఫిన్నిష్ ఈ కుర్రాడికి సరిగా రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఏడుగురు పిల్లల్లో ఈయన మూడోవాడు. 1880లో తండ్రి ఆస్తంతా పోగొట్టుకుని, కుటుంబాన్ని వదిలేసి వేరే స్త్రీతో పారిస్ వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది తల్లి గుండె ఆగి పోయింది. పద్నాలుగేళ్ళు నిండని కుర్రాడు మేనమామ సంరక్షణలో పడ్డాడు. సైనిక పాఠశాలలో చేర్పిస్తే, అనుమతి లేకుండా రాత్రిపూట బయటికి వెళ్ళినందుకు 1886లో తీసేశారు. సొంత ఊళ్ళో అన్ని తలుపులూ మూసుకున్నాయి. ఇక మిగిలింది పొరుగు సామ్రాజ్యం.

చక్రవర్తి కొలువులో ముప్ఫై ఏళ్ళు

ఇరవయ్యేళ్ళ వయసులో సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళి అశ్వికదళ పాఠశాలలో చేరాడు. రష్యన్ భాష కష్టపడి నేర్చుకున్నాడు. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, గుర్రాల మీద ప్రేమ, మాటలో మర్యాద. నాలుగేళ్ళు తిరక్కుండానే మహారాణి అంగరక్షక దళంలో చోటు దొరికింది. 1892లో ఒక రష్యన్ జనరల్ కూతుర్ని పెళ్ళాడాడు. 1896లో రెండో నికొలస్ పట్టాభిషేకం ఊరేగింపులో చక్రవర్తికి ముందు నడిచిన అధికారుల్లో ఈయనొకడు. మన భాషలో చెప్పాలంటే, పరాయి గడ్డ మీద బాగా సెటిలయ్యాడు.

సెటిలైన వాళ్ళ కష్టాలు కూడా వచ్చాయి. సంసారం నిలవలేదు; భార్య ఇద్దరు కూతుళ్ళని తీసుకుని ఫ్రాన్సు వెళ్ళిపోయింది. దానికన్నా పెద్ద చిక్కు మరొకటి. 1899 నుంచి రష్యా ప్రభుత్వం ఫిన్లాండ్ స్వయంపాలనని ఒక్కొక్కటిగా లాక్కోవడం మొదలుపెట్టింది. దాన్ని వ్యతిరేకించినందుకు మానర్‌హైమ్ సొంత అన్నని 1903లో దేశం నుంచి వెళ్ళగొట్టారు. అన్నని వెళ్ళగొట్టిన చక్రవర్తి కొలువులోనే తమ్ముడు అధికారి! బంధువుల్లో కొందరు ముఖం మీదే అడిగారు. ఆయన కొలువు వదల్లేదు. సరిగ్గా ఆ సమయంలోనే జపాన్‌తో యుద్ధం వస్తే, కోరి మరీ మంచూరియా రణరంగానికి వెళ్ళాడు.

అక్కణ్ణించి తిరిగొచ్చాక రష్యన్ సైన్యం ఆయనకొక విచిత్రమైన పని అప్పజెప్పింది. పైకి ఒక పరిశోధక యాత్రికుడిలా, లోపల గూఢచారిగా మధ్య ఆసియా నుంచి చైనా అంతా తిరిగి రావాలి. 1906 నుంచి 1908 దాకా, చాలా భాగం గుర్రం మీద, సుమారు 14,000 కిలోమీటర్లు తిరిగాడు. కాష్గర్ నుంచి బీజింగ్ దాకా దారులు, వంతెనలు, సైనిక స్థావరాలు మ్యాపుల్లోకెక్కించాడు. దాంతోపాటు పాత రాతప్రతులు, దుస్తులు, పనిముట్లు సేకరించాడు, వెయ్యికి పైగా ఫోటోలు తీశాడు. ఊటాయ్ పర్వతం మీద, లాసా విడిచి వచ్చి ఉన్న 13వ దలైలామాని కలిసి, తన బ్రౌనింగ్ పిస్తోలు కానుకగా ఇచ్చి, దాన్నెలా నింపాలో చూపించాడు. ఒక బౌద్ధ గురువుకి పిస్తోలు కానుక! కానీ తలదాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్న ఆ మనిషికి అప్పుడు అదే అవసరమనుకున్నాడేమో.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా, జర్మనీ సైన్యాలతో పోరాడి లెఫ్టినెంట్ జనరల్ అయ్యాడు. 1917లో విప్లవం వచ్చింది. చక్రవర్తి గద్దె దిగాడు. ఏ మనిషి పేరు మీద ప్రమాణం చేసి ముప్ఫై ఏళ్ళు కొలువు చేశాడో ఆ మనిషే లేడు. పదవి కూడా పోయింది. ఆ డిసెంబరులో, రష్యా అంతా అల్లకల్లోలంగా ఉండగా, ఒడెస్సా నుంచి రైళ్ళు పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాడు. అప్పటికి యాభై ఏళ్ళు. పన్నెండు రోజుల క్రితమే, డిసెంబరు 6న, ఫిన్లాండ్ స్వతంత్రం ప్రకటించుకుంది.

అన్నదమ్ముల యుద్ధం

ముప్ఫై ఏళ్ళు బయట ఉన్నవాడికి ఊళ్ళో ఏం మర్యాద ఉంటుందో మనకు తెలుసు. జనాభాలో తొంభై శాతం మాట్లాడే భాష రాదు. రష్యా వాడి మనిషని ఒకళ్ళు, దొరవారి బిడ్డని ఇంకొకళ్ళు. కానీ కొత్త దేశానికి సైన్యం లేదు, పెద్ద సేనలు నడిపిన అనుభవమున్నవాళ్ళు బహు తక్కువ. 1918 జనవరిలో ప్రభుత్వం ఆయన్ని సేనాపతిని చేసింది. సరిగ్గా అప్పుడే దేశం రెండుగా చీలింది. దక్షిణాన ఫ్యాక్టరీ కార్మికులు, కౌలుదార్లు ఎర్రదళంగా హెల్సింకీని పట్టుకున్నారు. ఉత్తరాన రైతులు, భూస్వాములు, ప్రభుత్వం తెల్లదళంగా నిలబడ్డారు. తెల్లదళం నాయకుడు మానర్‌హైమ్.

జర్మన్ సైన్యాన్ని పిలవడం ఆయనకిష్టం లేదు. మన పోరు మనమే ముగించాలన్నది ఆయన పట్టు. అయినా ప్రభుత్వం పిలిచింది, వాళ్ళొచ్చి ఏప్రిల్లో హెల్సింకీని తీసుకున్నారు. మే నాటికి తెల్లదళం గెలిచింది. కానీ 31 లక్షల జనాభా ఉన్న దేశంలో ఆ ఏడాది ఈ గొడవల్లో 36 వేల మందికి పైగా చనిపోయారు. యుద్ధంలో పోయినవాళ్ళకన్నా, రెండువైపులా గోడకు నిలబెట్టి కాల్చినవాళ్ళు, యుద్ధమయ్యాక ఖైదీల శిబిరాల్లో ఆకలికి, రోగాలకి పోయినవాళ్ళే ఎక్కువ. శిబిరాల్లోనే 12 వేల మంది పైచిలుకు. మా సహోద్యోగి ముత్తాత ఆ లెక్కలో ఒకడు.

ఇందులో మానర్‌హైమ్ బాధ్యత ఎంత? ప్రతి ఖైదీనీ విడివిడిగా విచారించాలని, గుంపుగా కాల్చకూడదని ఆయన చెప్పిన మాట ఉంది. అంతకు ముందు, తెల్లదళం వెనక విధ్వంసం చేసేవాళ్ళని అక్కడికక్కడే కాల్చవచ్చన్న ఉత్తర్వూ ఆయన పేరు మీదే ఉంది. శిబిరాలు నిండుతున్నప్పుడు సేనాపతి ఆయనే. మే చివర పదవి వదిలి స్వీడన్ వెళ్ళిపోయాడు గాని, అది ఖైదీల కోసం కాదు, ప్రభుత్వం జర్మనీ ఒళ్ళో కూర్చున్నందుకు. కార్మికుల వాడల్లో ఆయనకు కసాయి అన్న పేరు పడింది. ఆ పేరు చాలాకాలం పోలేదు. నాకైతే ఆ పేరు పెట్టినవాళ్ళని తప్పుపట్టాలని అనిపించదు.

ఆ శరదృతువులో జర్మనీ ఓడిపోయింది. జర్మన్ రాకుమారుణ్ణి రాజుగా ఎన్నుకున్న ఫిన్లాండ్ ఇరుకున పడింది. గెలిచిన దేశాల ముందు నిలబడగల మొహం ఒక్క మానర్‌హైమ్‌దే. డిసెంబరులో ఆయన్ని తాత్కాలిక దేశాధినేతని చేశారు. ఆకలితో ఉన్న దేశానికి పశ్చిమ దేశాల నుంచి ధాన్యం తెప్పించాడు. 1919లో బ్రిటన్, అమెరికాల గుర్తింపు వచ్చింది. జూలైలో గణతంత్ర రాజ్యాంగం మీద సంతకం పెట్టాడు. వారం తరువాత అదే రాజ్యాంగం ప్రకారం జరిగిన అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయాడు. పార్లమెంటులో ఆయనకు వచ్చిన ఓట్లు 50, గెలిచిన స్టోల్‌బెరీకి 143. ఓడినవాడు మూటాముల్లె సర్దుకుని పక్కకి తప్పుకున్నాడు. తుపాకులున్న సేనాని, రెచ్చగొట్టే స్నేహితులున్న సేనాని, ఓటు లెక్కకు తలవంచడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

పదవి లేని పన్నెండేళ్ళు

1920లో పిల్లల సంక్షేమానికి ఒక సంస్థ పెట్టాడు. దేశంలో నర్సుల వృత్తిని తీర్చిదిద్దిన అక్క సోఫీ అందులో కుడిభుజం. తెల్లవాళ్ళ పిల్లలైనా, ఎర్రవాళ్ళ అనాథలైనా ఒకే పాలు, ఒకే వైద్యం. ఊరూరా శిశు ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది. చేసినదానికి ఇది ప్రాయశ్చిత్తమా అంటే చెప్పలేను. ఆయన ఆ మాట ఎక్కడా అనలేదు. చేసిన పని మాత్రం ఉంది. 1922 నుంచి బతికున్నంతకాలం రెడ్‌క్రాస్ అధ్యక్షుడు కూడా ఆయనే.

హెల్సింకీలో చాక్లెట్లు చేసే ఫేజర్ కుటుంబం ఇల్లు ఒకటి అద్దెకు తీసుకుని ఉండేవాడు. ఇప్పుడది మ్యూజియం. నేనొక శనివారం వెళ్ళాను. భారత్, నేపాల్ అడవుల్లో వేటాడిన పులుల తోళ్ళు అక్కడ నేల మీద పరిచి ఉన్నాయి. మన దేశంతో ఆయనకున్న సంబంధం అదే, అంత గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. పడకగదిలో మాత్రం ఒక సన్నని సైనిక మంచం, అంతే.

నన్ను ఆపేసింది ఆయన బల్ల మీది ఫోటో. రెండో నికొలస్ చక్రవర్తిది, స్వయంగా సంతకం చేసి ఇచ్చినది. స్వతంత్ర ఫిన్లాండ్‌కి సేనాని అయ్యాక, రష్యాతో పోరాడాక కూడా, ఆ ఫోటో అక్కణ్ణించి కదల్లేదట. వచ్చిన అతిథులు వింతగా చూస్తే, ఆయన తన చక్రవర్తి అని చెప్పేవాడట. నేను చేయెత్తి వేరే దేశానికి పౌరుడిగా ప్రమాణం చేసిన రోజు రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పలేక, వేరే ఏవో కబుర్లు చెప్పి పెట్టేశాను. తప్పు చేసినట్టు అనిపించింది. ఆ బల్ల ముందు నిలబడ్డాక ఆ బరువు కొంత దిగింది. కొత్త మాట నిలబెట్టుకోవడానికి పాత మాటని అబద్ధమనక్కర్లేదు.

నూట అయిదు రోజులు

1931లో, 63 ఏళ్ళ వయసులో, రక్షణ మండలి అధ్యక్షుడిగా మళ్ళీ పిలిచారు. ఎనిమిదేళ్ళపాటు డబ్బు అడుగుతూనే ఉన్నాడు, ప్రభుత్వాలు తగ్గిస్తూనే ఉన్నాయి. 1939 శరదృతువులో స్టాలిన్ అడిగాడు: లెనిన్‌గ్రాడ్‌కి సరిహద్దు మరీ దగ్గరగా ఉంది, వెనక్కి జరపండి, ఒక నావికా స్థావరం ఇవ్వండి, బదులుగా వేరేచోట భూమి ఇస్తానని. కొంత ఇచ్చి రాజీపడమన్నాడు మానర్‌హైమ్. మన దగ్గర ఫిరంగులు లేవు, తూటాలు లేవు, పోరాడలేమన్నాడు. దేశంలో అందరికన్నా పెద్ద సైనికుడు యుద్ధం వద్దంటే, రాజకీయ నాయకులు వినలేదు. రాజీనామా ఇచ్చాడు. అది ఆమోదం పొందేలోగా, నవంబరు 30న హెల్సింకీ మీద బాంబులు పడ్డాయి. రాజీనామా వెనక్కి తీసుకుని, 72 ఏళ్ళ వయసులో సర్వసేనాని అయ్యాడు.

అప్పటికి ఫిన్లాండ్ జనాభా 37 లక్షలు. చాలామంది సైనికులకి యూనిఫారాలు కూడా లేవు. ఇంటి బట్టల మీదే ఒక బెల్టు, టోపీకి ఒక గుర్తు. ఇక్కడే ఆ దేశపు చలి యుద్ధంలోకి దిగింది. ఆ శీతాకాలం మామూలుది కాదు, జనవరిలో సున్నాకి దిగువ 40 డిగ్రీలు చూసింది. ఫిన్నిష్ కుర్రాళ్ళు నడక వచ్చినప్పట్నుంచీ స్కీల మీద తిరిగినవాళ్ళు. తెల్లని ముసుగు బట్టలేసుకుని అడవిలో చప్పుడు లేకుండా కదిలేవారు. సోవియట్ దళాలు ట్యాంకులతో, లారీలతో ఒకే ఒక్క సన్నని అడవి రోడ్డు మీద మైళ్ళ పొడవున ఇరుక్కున్నాయి. ఇంజన్లు గడ్డకట్టాయి, తిండి అందలేదు. ఫిన్నులు ఆ పొడవాటి వరుసని అక్కడక్కడ నరికి, ముక్కముక్కనీ విడిగా చుట్టుముట్టారు. దీన్ని వాళ్ళు మొట్టి అంటారు, కొట్టి పేర్చిన కట్టెల మోపుకి వాళ్ళ మాట. పెద్ద సమస్యని ముక్కలు చేసి పరిష్కరించమని మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పే సూత్రమే, కాకపోతే ఆ ముక్కల్లో ఉన్నవి ప్రాణాలు. సువోముస్సల్మి దగ్గర రెండు సోవియట్ డివిజన్లు అలా నాశనమయ్యాయి. వాటిలో ఒకదాంట్లో ఎక్కువమంది ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు. ఎందుకొచ్చారో తెలియకుండానే మంచులో బిగుసుకుపోయారు.

లోకమంతా చప్పట్లు కొట్టింది. కానీ చలి ఎవరి పక్షమూ కాదు. డిసెంబరులో ఫిన్నులకి సాయం చేసిన అదే చలి, ఫిబ్రవరికల్లా సరస్సుల్ని, సముద్రపు అంచుని రాయిలా గడ్డకట్టించింది. మామూలు చలికాలంలో నీరే కోటగోడగా ఉండే చోట, ఆ ఏడాది ట్యాంకులకు రాచబాట వేసినట్టయింది. మార్చిలో సోవియట్ సైన్యం వీపురి నగరం పక్కనున్న అఖాతాన్ని మంచు మీదుగా దాటేసింది.

చప్పట్లు మోగుతుండగానే ఆపమన్నాడు మానర్‌హైమ్. సాయం పంపుతామని బ్రిటన్, ఫ్రాన్సు చెబుతున్నాయి, పోరాడదామని మంత్రుల్లో కొందరంటున్నారు. సైన్యం ఇంకా విరగలేదు, విరగకముందే సంధి చేసుకుంటేనే దేశం మిగులుతుందని ఆయన లెక్క. 1940 మార్చి 13న యుద్ధం ఆగింది. 105 రోజులు, ఫిన్నులు 25 వేల మందికి పైగా, సోవియట్లు లక్షా పాతిక వేల మందికి పైగా చనిపోయారు. దేశంలో పదో వంతు నేల పోయింది. కరేలియా ప్రాంతం నుంచి 4 లక్షల మందికి పైగా, దాదాపు ఊళ్ళకు ఊళ్ళు, సామాను బళ్ళ మీద వేసుకుని కదిలారు. మన శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ళని చూసినవాళ్ళకి ఆ దృశ్యం కొంత ఊహకందుతుంది. మా టీములో మానర్‌హైమ్ ఫోటో ఉన్న ఇల్లు అలా కదిలొచ్చిన కుటుంబానిదే.

తప్పు, మళ్ళీ ఆగడం

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది, కానీ నిజం కాదు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాక, ఫిన్లాండ్ కూడా పోయిన నేల కోసం పక్కనే యుద్ధానికి దిగింది. పోయిన నేల తిరిగొచ్చాక ఆగలేదు. పాత సరిహద్దు దాటి తూర్పు కరేలియాలోకి వెళ్ళింది. ఆ ముందడుగు ఉత్తర్వులూ మానర్‌హైమ్‌వే. ఫిన్నుల చేతికి చిక్కిన సోవియట్ ఖైదీల్లో 18 వేల మందికి పైగా చనిపోయారు, ఆక్రమించిన చోట శిబిరాల్లో పెట్టిన రష్యన్ పౌరులు వేలల్లో. లెనిన్‌గ్రాడ్ మీద దాడి చెయ్యమని, ముర్మాన్స్క్ రైలుమార్గం తెంచమని జర్మనీ ఒత్తిడి చేస్తే ఆయన ఒప్పుకోలేదు. నిజమే. కానీ ఆ నగరానికి ఉత్తరం వైపు దారి మూసి ఉన్నది ఆయన సైన్యంతోనే. లోపల లక్షలమంది ఆకలితో పోయారు. ఆయన యువకుడిగా ఎదిగిన నగరం అది!

ఫిన్లాండ్ యూదు పౌరులను జర్మనీకి అప్పగించలేదు, వాళ్ళు అదే సైన్యంలో పోరాడారు. కానీ 1942 నవంబరులో ఎనిమిది మంది యూదు శరణార్థులను అప్పగించారు. ఎనిమిదే కదా అని సరిపెట్టుకోలేం.

1942 జూన్ 4న, ఆయన 75వ పుట్టినరోజుకి హిట్లర్ పిలవకుండానే విమానంలో వచ్చి వాలాడు. ఫిన్నిష్ రేడియో ఇంజినీరు ఒకాయన రైలు పెట్టెలో జరిగిన సంభాషణని పదకొండు నిమిషాలపాటు గుట్టుగా రికార్డు చేశాడు. హిట్లర్ మామూలు గొంతుతో మాట్లాడగా మిగిలిన అరుదైన రికార్డింగ్ అది. మానర్‌హైమ్ అందులో దాదాపు మౌనంగా వింటూ ఉంటాడు.

1944 వేసవిలో సోవియట్ సైన్యం విరుచుకుపడింది. జర్మన్ ఆయుధాల కోసం, విడిగా సంధి చేసుకోనని అధ్యక్షుడు రిస్తో ర్యుతి హిట్లర్‌కి తన సొంత పేరు మీద మాటిచ్చాడు. ఆ ఆయుధాలతో దాడి ఆగింది. ఆగస్టులో ర్యుతి తప్పుకున్నాడు. 77 ఏళ్ళ మానర్‌హైమ్ అధ్యక్షుడయ్యాడు. ఆ మాట ర్యుతిది, దేశానిది కాదని చెప్పి, సెప్టెంబరులో సంధి చేసుకున్నాడు. షరతులు కఠినం. కరేలియా మళ్ళీ పోయింది, ఉత్తరాన సముద్రపు దారి పోయింది, 30 కోట్ల డాలర్ల విలువైన సరుకు నష్టపరిహారం, పైగా నిన్నటి దాకా పక్కనున్న జర్మన్లని తామే తరిమికొట్టాలి. వెళ్తూ వెళ్తూ జర్మన్లు ఉత్తరాన లాప్‌లాండ్‌ని తగలబెట్టారు. అయినా దేశం సోవియట్ ఆక్రమణలోకి పోలేదు, ఎన్నికలు ఆగలేదు. పక్కనున్న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలకి ఆ భాగ్యం మళ్ళీ 1991లో గాని రాలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. యుద్ధ బాధ్యుడిగా ర్యుతికి పదేళ్ళ జైలుశిక్ష పడింది. మానర్‌హైమ్‌ని ఎవరూ బోనెక్కించలేదు. దేశం కోసం మాట పోగొట్టుకున్నవాడు జైలుకెళ్ళాడు, విగ్రహం రెండోవాడికి దక్కింది.

1946 మార్చిలో ఆరోగ్యం బాగోక అధ్యక్ష పదవి వదిలేశాడు. చివరి రోజుల్లో స్విట్జర్లాండ్‌లో ఉండి జ్ఞాపకాలు రాసుకుంటూ, 1951 జనవరి 27 రాత్రి లోసాన్ ఆసుపత్రిలో కన్నుమూశాడు. హెల్సింకీలో, యుద్ధాల్లో పోయిన సైనికుల మధ్యే ఆయన్ని పెట్టారు. ఆ మరుసటి ఏడాది, 1952లో, ఫిన్లాండ్ నష్టపరిహారం ఆఖరి వాయిదా చెల్లించింది, అదే ఏడాది ఒలింపిక్స్ జరిపింది. బెరడు రొట్టె తిన్న దేశం! 2004లో వాళ్ళ టెలివిజన్ అందరికన్నా గొప్ప ఫిన్ ఎవరని ఓటింగ్ పెడితే ఆయనే మొదట వచ్చాడు. 2016లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన పేరిట ఒక ఫలకం పెట్టారు. ముట్టడి గుర్తున్న జనం దాని మీద ఎర్ర రంగు పోశారు, గొడ్డలితో కొట్టారు. నాలుగు నెలలకే తీసేశారు. రెండూ న్యాయమే అనిపిస్తుంది నాకు.

ఆయన ఫిన్నిష్ యాభై దాటాక శ్రద్ధగా నేర్చుకున్నాడు. చివరి దాకా యాస పోలేదట. రేడియోలో ఆయన గొంతు విన్నవాళ్ళకి ఆ యాస తెలుస్తూనే ఉండేది. అయినా ఆ యాసతోనే యుద్ధం ఆపాడు, ఆ యాసతోనే జనం ఆయన మాట విన్నారు. మన పిల్లలు తెలుగు యాసగా మాట్లాడితే నవ్వేటప్పుడు, తిరిగి వెళ్ళినవాణ్ణి నువ్వింకా ఇక్కడివాడివేనా అని అడిగేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

ప్రాజెక్టు అయిపోయి హెల్సింకీ విడిచే ముందు రోజు, మా ఇద్దరు సహోద్యోగులతో కలిసి భోజనానికి వెళ్తూ విగ్రహం పక్కనుంచే నడిచాం. ఒకాయన ఒక్క క్షణం ఆగి తల ఎత్తి చూశాడు. రెండో ఆయన చూడలేదు, కానీ మొదటాయన చూసేదాకా ఆగాడు. తరువాత ముగ్గురం కలిసి రోడ్డు దాటాం.